రెండో తట్ట

పోయిన నెల నుంచీ వారానికి మూడు రోజులు విజయనగరంలో, కోట దాటాక ఒక సందులో ఉన్న ఫిజియోథెరపీ గదికి వెళ్తున్నాను. పాతికేళ్ళు నల్లబల్ల మీద రాసిన ఫలితమో, వయసు తెచ్చిన ముచ్చటో, కుడి భుజం బిగుసుకుపోయింది. అక్కడ ఒక అమ్మాయి ఉంది, నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడుదే. నన్ను గోడకి ఎదురుగా నిలబెట్టి వేళ్ళతో గోడ ఎక్కమంటుంది. ఎవరు ఎంతవరకు ఎక్కారో తెలిసేలా గోడ నిండా పెన్సిలు గీతలు. నాకు చిన్నప్పటి నుంచీ పోటీ బుద్ధి. పక్కావిడ గీత దాటాలని పళ్ళ బిగువున ఇంకో రెండంగుళాలు పాకించాను. ఆ పిల్ల నా మొహం చూసి, "మేడమ్, ఇక్కడికొచ్చిన ఆడవాళ్ళందరూ నొప్పి లేదని అబద్ధమే చెప్తారండి. దానివల్ల మీకేం లాభం, నాకేం లాభం?" అంది. నవ్వి ఊరుకోవలసిన మాట. కానీ నాకు మా మేనత్త గుర్తొచ్చి ఆ గోడ దగ్గరే కాసేపు చెయ్యి దించకుండా నిలబడిపోయాను. చేతి విషయంలో అబద్ధం చెప్పడమంటే ఏమిటో ఆవిడ దగ్గర చూశాను నేను.

మాది భోగాపురం దాటి సముద్రం వైపు దిగిపోతే, సరుగుడు తోటల అవతల ఉన్న ఊరు. మగవాళ్ళు చేపల వేటకి, ఆడవాళ్ళు అమ్మకానికి. మేనత్త భర్త, మా మావయ్య, ఏడాదిలో తొమ్మిది నెలలు గుజరాత్ బోట్లలో పనిచేసి, మిగిలిన మూడు నెలలూ ఇంట్లో చుట్టంలా ఉండేవాడు. మా నాన్న తెప్ప మీద వెళ్ళేవాడు. నాన్న చెల్లెలే మా మేనత్త. ఊళ్ళోనే ఇచ్చారు కాబట్టి ఆవిడ గుమ్మం మా గుమ్మానికి ఎదురే. అమ్మా ఆవిడా వదినా ఆడపడుచులు. పండక్కి చీర రంగు దగ్గర నుంచి పులుసులో చింతపండు దాకా దేనికైనా పోట్లాడుకునేవాళ్ళు. అయినా ముప్పై ఏళ్ళపాటు ఒక్క పొద్దు కూడా విడిగా బజారుకి వెళ్ళలేదు. ప్రేమ అనుకునేరు. ప్రేమ ఉంటే ఉండొచ్చు, నేను కాదనను. అసలు కారణం తట్ట.

చేపల తట్ట నెత్తికెత్తుకోవడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఇప్పుడైతే సత్తు బేసిన్లు వచ్చాయి గానీ, మావాళ్ళు వాటినీ తట్టే అంటారు. ఒడ్డున వేలంపాటలో కొన్న చేప నిండా పోసి, పైన గుడ్డ కప్పితే, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి అంచులు పట్టుకుని లేపాలి. మొదటి మనిషి నెత్తి మీద చుట్టకుదురు సర్దుకుంటుంది, తట్ట కూర్చుంటుంది. అంతవరకూ సులువే, నాలుగు చేతులున్నాయి. తిప్పలు రెండో తట్టతో వస్తాయి. నెత్తి మీద బరువున్న మనిషి ఎడమ చేత్తో తన తట్ట పట్టుకుని, మెడ కదలకుండా మోకాళ్ళు వంచి కిందికి దిగి, కుడి చేత్తో ఎదుటిదాని తట్ట అంచు అందుకుని, మళ్ళీ లేస్తూ ఆ ఒక్క చేత్తోనే దాన్ని ఎదుటిదాని నెత్తి దాకా లేపాలి. ఒడ్డున ఒకసారి. ఇసకలో, తోటల్లో నడిచి రోడ్డు దగ్గర దించితే, విజయనగరంలో ఆటో దిగాక మళ్ళీ ఒకసారి. ఆటోవాళ్ళు చెయ్యి వెయ్యరు, నీసు నీళ్ళు చొక్కా మీద పడతాయని. అందుకని ప్రతి మనిషికీ ఒక జోడు ఉండాలి. నా తట్ట నువ్వెత్తు, నీ తట్ట నేనెత్తుతాను. జోడు లేని మనిషికి బజారు లేదు. మూడో మనిషి వచ్చి చెయ్యేస్తుందా అంటే, వెయ్యదు. నెత్తి మీద బరువు పెట్టుకుని ఎవరి కోసమూ ఎవరూ ఆగరు, ఆగలేరు. సగం తట్టే పట్టుకెళ్ళొచ్చు కదా అని మీకు తోచవచ్చు. నాకూ చదువుకున్న రోజుల్లో తోచింది. సగం తట్ట పాటలో ఎవరూ ఇవ్వరని అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది.

మా ఇంట్లో ముందు తట్ట ఎప్పుడూ అత్తది. అంటే రెండో తట్ట లేపేది అత్త. అమ్మ పొట్టి మనిషి, పీలగా ఉండేది, అందులోనూ నేను కడుపులో పడ్డాక ఒకసారి కళ్ళు తిరిగి పడిపోయిందట. ఆ రోజు నుంచి ముందు తట్ట తనదేనని అత్త తేల్చి చెప్పింది. ఆ తర్వాత ఎవరూ ఆ సంగతి మళ్ళీ మాట్లాడుకోలేదు. అత్త జబ్బలు చూసి మగవాళ్ళు వెనకాల ఏవో అనేవారు, ఆవిడ వినిపించుకుని మరీ తిట్టేది. ఒడ్డున ఆవిడ గొంతు వినబడితే పాట పాడేవాడు కూడా తగ్గి మాట్లాడేవాడు. "మీయమ్మ తట్ట ఎత్తీ ఎత్తీ నా సెయ్యి ఇలగ తెడ్డులాగయిపోనాదే" అని నాకు జబ్బ బిగించి చూపించేది. అందులో గొప్పే ఉండేది గానీ దెప్పు ఉండేది కాదు. నేను అది పట్టుకుని ఊయలూగేదాన్ని.

నేను చదువుకుని, టీచరు ఉద్యోగం వచ్చి, విజయనగరంలో కాపురం పెట్టాను. ఆదివారాలు ఊరు వెళ్ళేదాన్ని. పదిహేనేళ్ళ కిందట ఒక ఆదివారం అత్త పెరట్లో కూర్చుని, "అమ్మీ, కాసింత ఈ ముడెట్టు. సెయ్యి నీసుగా ఉన్నాది" అంది. అప్పుడే కుంకుడు రసంతో కడుక్కున్న చేతులు. ఇంకా నురగ ఆరలేదు. నేను ఆవిడ జుట్టు ముడి పెట్టాను. మళ్ళీ ఆదివారం అదే మాట. ఆపై వారం దండెం మీద బట్టలు లేవు, అన్నీ ముళ్ళకంప మీద ఆరేసి ఉన్నాయి. రవికెలకి వెనక కట్టులు పోయి ముందు హుక్కులు వచ్చాయి. నీళ్ళు పోసుకునేటప్పుడు చెంబు ఎడమ చేతిలోకి మారింది. నేను మాస్టారమ్మని, పరీక్షల్లో కాపీ కొట్టే పిల్లల్ని కళ్ళతోనే పట్టేదాన్ని, ఇది పట్టలేనా? గట్టిగా అడిగాను. ఆవిడ ముందు తిట్టింది. తర్వాత గుమ్మం అవతల అమ్మ ఉందేమోనని చూసుకుని, గొంతు తగ్గించి, "బుజం కాడ పట్టేసినాది. రాత్రి అటు తిరిగి పడుకోనేను. మీయమ్మకి సెప్పినావంటే నా మీద ఒట్టే" అంది.

కొన్నాళ్ళకి గుండు చేయించుకుని వచ్చింది. సింహాచలం మొక్కట. ఊరంతా అప్పన్న మీద దాని భక్తి చూడండని మెచ్చుకుంది. ఆ ఏడు మూడుసార్లు మొక్కింది అత్త. మావయ్య బోటు క్షేమంగా తిరిగిరావాలని ఒకసారి, ఎవరిదో గేదె ఈనాలని ఒకసారి, మూడోసారి దేనికో ఆవిడకే గుర్తు లేదు. జుట్టు ఉంటే ముడి పెట్టుకోవాలి. ముడి పెట్టుకోవాలంటే చెయ్యి తల వెనక్కి వెళ్ళాలి. అది వెళ్ళడం లేదు. ఇంత చిన్న విషయం దేవుడికీ నాకూ మాత్రమే తెలుసని అనుకున్నాను నేను. ఒత్తుగా ఉండేది ఆవిడ జుట్టు, బజారులో మల్లెపూలమ్మి ఆవిణ్ణి చూస్తే ఒక మూర ఎక్కువ కొలిచేది.

వైద్యాలూ అయ్యాయి. భుజం మీద చురకలు పెట్టించుకుంది, మూడు వరసలు. ఆ పుళ్ళు మానక ముందే వాటి మీదే తట్ట నీళ్ళు కారితే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవట. మందుల షాపులో అడిగి తెల్లబిళ్ళలు మింగి కడుపు పాడు చేసుకుంది. చివరికి సెలవు పెట్టి నేనే విజయనగరంలో ఎముకల డాక్టరుకి చూపించాను. ఆయన మంచివాడే. భుజంలోకి ఇంజెక్షన్ ఇచ్చి, లోపల నరం చిరిగినట్టుందని, మూడు నెలలు బరువు ఎత్తకూడదని, తల మీదికి చెయ్యి లేపే పని అసలు చెయ్యకూడదని కాగితం మీద రాసిచ్చాడు. బయటకొచ్చాక అత్త ఆ కాగితం నా చేతిలో పెట్టి, "మూడు నెల్లు ఎత్తొద్దంటాడు. మరి మూడు నెల్లు తినొద్దని కూడా ఈ కాయితంలోనే రాసీమను, ఒక పనైపోద్ది" అంది. ఇంజెక్షన్‌తో నెల్లాళ్ళు నొప్పి తగ్గింది. తగ్గింది కాబట్టి ఇంకా ఎక్కువ ఎత్తింది. ఆ తర్వాత ఏ ఇంజెక్షనూ పని చెయ్యలేదు.

అమ్మతో చెప్పేద్దామని ఎన్నోసార్లు అన్నాను. అమ్మ ముందు తట్ట తీసుకుంటుంది, లేకపోతే ఇద్దరూ ఇంకో దారి చూసుకుంటారు, అంతే కదా అన్నాను. అత్త నా మీద జాలిపడినట్టు చూసింది. "ఆ సెయ్యి మీయమ్మకి ఎక్కడున్నాదే? దాని కట్టెపుల్ల సెయ్యికి నా తట్ట ఏడ లెగుస్తాది? సెప్తే అది ఇంకో జోడు సూసుకోవాల. సూసుకుంటాది. తప్పు నేదు. మరి నానేటి సూసుకోవాల?" అంది. ఊళ్ళో అంతకు ముందే అలా మిగిలిపోయిన ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వలల్లో చిక్కిన చిల్లర చేప ఏరుకుంటూ, ఎవరైనా దోసెడు విదిలిస్తే పట్టుకుంటూ ఒడ్డునే తిరిగేవారు. వాళ్ళని ఎవరూ ఏమీ అనరు, పలకరించరు కూడా.

అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. తెలివైనదనే అనుకున్నాను. పక్క మండలంలో వికలాంగుల సర్టిఫికెట్లు ఇచ్చే క్యాంపు పెడుతున్నారని తెలిసింది. ఆ కాగితం వస్తే పింఛను వస్తుంది. అత్త తట్ట దించేసి గౌరవంగా ఇంట్లో కూర్చోవచ్చు. బతిమాలి, బెదిరించి, నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుని ఒప్పించాను. కానీ ఆ రోజు సముద్రం పోటుగా ఉండి తెప్పలు దిగలేదు. ఖాళీగా ఉన్న అమ్మ, ఎక్కడికే ఇద్దరూ అంటూ చెప్పులేసుకుని బయల్దేరింది. అత్త మోకాళ్ళు చూపించడానికని ఏదో అన్నాను. నేను అమ్మని ఆపి ఉండాల్సింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ రోజు తలుచుకుంటే ముందు నా మీదే కోపం వస్తుంది.

వరస పెద్దది. మధ్యాహ్నం దాటాక మా వంతు వచ్చింది. డాక్టరు కుర్రవాడు, పొద్దుట్నుంచి ఎంతమందిని చూశాడో, తలెత్తకుండానే, "చెయ్యి ఎంతవరకు లేస్తుందమ్మా, లేపు" అన్నాడు. అత్త వెనక్కి తిరిగి చూసింది. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది, సంచీ చంకలో పెట్టుకుని, మెడ సాచి. అత్త నా వైపు చూడలేదు. కుడి చెయ్యి ముందుకు చాచి, పైకి లేపింది. చెవికి ఆనేదాకా నిటారుగా లేపింది. ఏడాదిగా తల వెనక్కి వెళ్ళని చెయ్యి. మెడ నరాలు ఉబ్బాయి, పై పెదవి మీద చెమట బొట్లు వరసగా నిలబడ్డాయి, మొహంలో మాత్రం నవ్వు. "ఇదిగో బాబూ. ఎవులైనా ఇంతే కదా ఎత్తుతారు" అంది. డాక్టరుగారూ, ఆవిడ అబద్ధం చెప్తోందండీ అని అమ్మకి వినబడకుండా నేను అడ్డుపడ్డాను. "ఎత్తింది కదమ్మా, నా కళ్ళతో నేను చూశాను" అని ఆయన రాసేసి, తర్వాతి మనిషిని పిలిచాడు. ఆయనదేం తప్పు? చూసిందే రాశాడు.

అమ్మ బస్సు కనుక్కోవడానికి ముందు నడిచాక, బయట వేప చెట్టు కింద ఆ చెయ్యిని ఎడమ చేత్తో పట్టుకుని దించుకుంది, అటక మీంచి బిందె దించినట్టు. నేను ఏడుస్తూ అరిచాను. ఆవిడ మెల్లగా, "మీయమ్మ ముందల నా సెయ్యి సెడిపోనాదని సెప్పమంటావేటే?" అంది. అమ్మకి మాత్రం తెగ సంబరం. దారి పొడవునా బస్సులో పక్కనున్న వాళ్ళకి, "మా ఆడబడుసు సెయ్యి సూసి డాట్టరే నోరెల్లబెట్టీసినాడు" అని చెప్పుకుంటూ వచ్చింది. అత్త కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

తర్వాత నాలుగో రోజు సముద్రం సర్దుకుంది. కవళ్ళ చేపలు వలల్లో విరగబడ్డాయి. చవగ్గా దొరికిందని అమ్మ తట్ట నిండా పోయించుకుని పైన కూడా గోపురంగా పెట్టించుకుంది. ఇది నేను చూడలేదు, చూసినవాళ్ళు చెప్పారు. ముందు తట్ట అత్త నెత్తికి ఎక్కింది. అత్త ఎప్పటిలా మోకాళ్ళు వంచి దిగింది, అంచు పట్టుకుంది, లేచింది. రెండో తట్ట అమ్మ గుండెల దాకా వచ్చి, మొహం దాకా వచ్చి, అక్కడ అత్త చెయ్యి వదిలేసింది. ఆవిడ వదల్లేదు, చెయ్యే వదిలేసింది. బేసిన్ అంచు అమ్మ మెడ కింద ఎముక మీద పడింది. ఇసకంతా కవళ్ళు. అత్త నెత్తి మీద తట్ట మాత్రం కదల్లేదట, అలా బరువుతోనే నిలబడి, కింద పడ్డ అమ్మని చూస్తూ ఉండిపోయిందట. తట్ట దించడానికి జోడు కావాలి కదా. జోడేమో కింద పడి ఉంది.

అమ్మకి ఎముక చిట్లింది, నెలన్నర కట్టు. అత్త రోజూ వచ్చి ఎడమ చేత్తో అమ్మకి అన్నం తినిపించింది. ఒకళ్ళనొకళ్ళు ఒక్క మాట అనుకోలేదు. పోట్లాడుకోకపోవడం చూసి నాకు భయం వేసింది. కట్టు విప్పిన వారానికి అమ్మ మళ్ళీ ఒడ్డుకు వెళ్ళింది, పక్కింటి కొత్త కోడలితో. వయసులో ఉన్న పిల్ల, గట్టి జబ్బలు. ఆ తెల్లవారుజామున అత్త కూడా తన బేసిన్ కడుక్కుని, చుట్టకుదురు చేతికి తగిలించుకుని ఒడ్డుకు వచ్చి నిలబడింది. అమ్మ ఆవిడ పక్క నుంచే నడిచి వెళ్ళి ఆ పిల్లకి ఎదురుగా నిలబడింది. ఒక్కొక్క జోడే తట్టలు ఎత్తుకుని సరుగుడు తోటల్లోకి వెళ్ళిపోయింది. మర్నాడూ వచ్చింది అత్త. పదకొండు రోజులు అలా వచ్చి నిలబడిందని నాన్న నాతో చెప్పాడు. ఎవరూ వెళ్ళిపొమ్మనలేదు, ఎవరూ రమ్మనలేదు. పన్నెండో రోజు రాలేదు.

అమ్మని నేను ఇన్నేళ్ళూ అడగలేదు. పోయిన ఆదివారం అడిగాను. ఆ గోడ దగ్గరి అమ్మాయి మాట బుర్రలో తిరుగుతూ ఉండి, ఊరు వెళ్ళగానే అడిగేశాను. అమ్మకిప్పుడు డెబ్భై దాటాయి, చెవులు సరిగా వినబడవు, ఇది మాత్రం వినబడింది. అత్త చేతి సంగతి నీకు ఎప్పుడు తెలిసింది అన్నాను. "ముందే తెలుసు" అంది. "ఆ మొక్కులేటో నాకు తెలీదేటి? ముప్పై యేళ్ళు దానెదురుగుండా నిలబడ్డాను. దాని బుజం ఎక్కడ ఆగిపోతందో నాకు తెలీదేటి? నాను తెలుసంటే జోడు పోద్ది. దానికీ పోద్ది, నాకూ పోద్ది. అప్పుడు నాకు ఇంకెవులున్నారు?" మరి క్యాంపులో అంత సంబరపడ్డావేం అన్నాను. "అది ఎత్తినాది కదే. ఎత్తినాక బాగైపోనాదనుకున్నాను. అనుకోవాలని ఉన్నాది, అనుకున్నాను" అంది. ఆ తర్వాత చీర చెంగుతో మొహం తుడుచుకుని, నాకు టీ పెట్టడానికి లేచింది.

నేను అమ్మని ఏమంటాను? నా ఫీజులు, నా పుస్తకాలు, టీచరు ట్రైనింగు, అన్నీ ఆ రెండో తట్టలోంచి వచ్చినవే. అది రోజుకి రెండుసార్లు ఎవరి చేతి మీద లేచిందో నాకు లెక్క తెలుసు. ముగ్గురం తెలిసీ తెలియనట్టు ఉన్నాం, ఆ చెయ్యి ఒక్కటే నిజం చెప్పింది.

సాయంత్రం అత్తని చూడ్డానికి వెళ్ళాను. చీర కట్టుకోవడం ఎప్పుడో మానేసింది, నైటీలోనే ఉంటుంది. పెళ్ళిళ్ళకి వెళ్ళదు. జుట్టు తెల్లగా, కురచగా, మగపిల్లాడి క్రాపులా ఉంది. మావయ్య పోయి ఐదేళ్ళు. కుడి చెయ్యి సన్నబడి ఎముకకి చర్మం అంటుకుంది. కూర్చునేటప్పుడు దాన్ని ఎడమ చేత్తో తీసి ఒళ్ళో పెట్టుకుంటుంది. నేను నొప్పి నూనె సీసా తీసుకెళ్ళాను. రాయనా అంటే, "దానికెందుకే, దాసుకో. నీకు పనికొస్తాది" అంది. నా భుజం సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు, నేను సీసా అందించిన తీరు చూసి పట్టేసింది. చెయ్యి ఎలా ఉంది అత్తా అని, అడగడానికి ఇంకేమీ లేక అడిగాను. "అది ఎప్పుడో ఎల్లిపోనాదమ్మీ. అది ముందెల్లిపోనాది, నాను ఎనకాల ఎల్తన్నాను" అంది, ఎప్పటిలా హేళనగా, కానీ నవ్వలేదు. కాలం మనిషిని ఒక్కసారే పట్టుకుపోతుందని అనుకునేదాన్ని. మా అత్తని మాత్రం పని చేసిన చేతితో మొదలుపెట్టి, పదిహేనేళ్ళుగా కొంచెం కొంచెంగా పట్టుకెళ్తోంది, ఇంకా దానికి తొందరేమీ ఉన్నట్టు లేదు.